ఆర్‌టీఎక్స్ 3070 ఓవర్‌క్లాక్ చేస్తే రాత్రిళ్లు రీస్టార్ట్ అవుతోంది: ముందు గోడ ప్లగ్గు నుంచి చూసుకుంటూ రండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఆకివీడు దగ్గర పల్లెలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకరు సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు కొన్నారు. మిగతా సిస్టమ్ రైజెన్ 5 5600 ప్రాసెసర్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా), 600 వీఏ యూపీఎస్. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డుని ఓవర్‌క్లాక్ చేశారు, అంటే కోర్ (ప్రధాన చిప్పు) వేగానికి +150, మెమరీకి +1000 మెగాహెర్ట్‌జ్ ఇచ్చి, పవర్ లిమిట్ (కార్డు లాగే వాట్ల హద్దు) చివరిదాకా జరిపారు. పగలు బాగానే ఉంటోంది. రాత్రి రెండర్ మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది, ఒక్కోసారి స్క్రీన్ నల్లబడి కార్డు ఫ్యాన్లు ఫుల్ స్పీడుతో తిరుగుతున్నాయి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకి జిల్లుమంటోంది. కార్డుకి పవర్ చాలడం లేదేమో, వేరే బయాస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఫ్లాష్ చేయాలా, షంట్ మాడ్ (కార్డు కరెంటు కొలిచే రెసిస్టర్‌ని మార్చి లిమిట్ దాటించడం) చేయించాలా అని అడుగుతున్నారు.

షంట్ మాడ్ వద్దండి. బయాస్ కూడా ముట్టుకోకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా కార్డు పవర్ లిమిట్ తక్కువై వచ్చేది కాదు. లిమిట్ తగిలితే కార్డు తనంతట తాను క్లాక్ (పనిచేసే వేగం) తగ్గించుకుంటుంది, అంతే. స్క్రీన్ పోదు, సిస్టమ్ ఆగదు. మీ దగ్గర కరెంటు కార్డు దాకా సరిగ్గా చేరడం లేదు. నేను భీమవరంలో సిస్టమ్స్ అసెంబ్లింగు, రిపేర్లు చేస్తాను. ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు నుంచి వచ్చే కంప్లైంట్లలో ఈ రకం చాలా ఎక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు రెండు లక్షణాలనూ విడదీద్దాం. మొత్తం సిస్టమ్ ఆగి మళ్లీ ఆన్ అయితే తప్పు కార్డు బయట ఉన్నట్టు: యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్, ఇంటి వైరింగ్. సీపీయూ ఫ్యాన్ తిరుగుతూనే ఉండి, స్క్రీన్ మాత్రం నల్లబడి, కార్డు ఫ్యాన్లు రయ్యిమంటే కార్డు తన పని వదిలేసినట్టు. దానికి కారణం కార్డుకి వచ్చే 12 వోల్టులు కుంగడం కావచ్చు, మీ ఓవర్‌క్లాక్ కావచ్చు. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్‌కి వచ్చేస్తే అది దాదాపు ఎప్పుడూ కోర్ క్లాక్ ఎక్కువైన గొడవే. తెర మీద రంగు చుక్కలు, గళ్లు కనిపిస్తే ముందు మెమరీని అనుమానించాలి. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపించగానే చాలామంది ఎస్‌ఎంపీఎస్ పోయిందనుకుంటారు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అన్న ఒక్క సంగతే ఆ ఎంట్రీ చెబుతుంది, కారణం చెప్పదు. డిస్‌ప్లే 4101 కనిపిస్తే మాత్రం డ్రైవర్ ఒకసారి ఆగి తిరిగి లేచిందని అర్థం, అక్కడ కార్డు మీద దృష్టి పెట్టాలి.

ఇప్పుడు మీ యూపీఎస్ లెక్క వేద్దాం, ఎందుకంటే రీస్టార్ట్ వెనక ఉన్నది అదేనని నా గట్టి నమ్మకం. ఈ తరగతి 600 వీఏ యూపీఎస్‌లు మామూలుగా ఇవ్వగలిగేది 360 వాట్లు. 3070 అసలు కోటా 220 వాట్లు. 5600 ఫుల్ లోడులో 76 దాకా తీసుకుంటుంది. బోర్డు, ర్యామ్, డ్రైవులు, ఫ్యాన్లు కలిపి ఓ 50 వేసుకోండి. మొత్తం 346. ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే గోడ దగ్గర 407 వాట్లు. మానిటర్‌కి ఇంకో 30. ఇది పవర్ లిమిట్ పెంచకముందు లెక్క. మెయిన్స్ మీద ఉన్నంతసేపు యూపీఎస్ తన 360 హద్దుని దాటనిస్తుంది, ఎందుకంటే కరెంటు లోపలి నుంచి అలా వెళ్లిపోతుంది. వోల్టేజ్ ఒక్క క్షణం కుంగి బ్యాటరీ మీదకి మారిందా, ఓవర్‌లోడ్ అని ఆపేస్తుంది.

రాత్రే ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చేపల, రొయ్యల చెరువుల్లో నీటిలోని ఆక్సిజన్ చీకటి పడ్డాక తగ్గుతూ తెల్లవారుజాముకి అట్టడుగుకి వస్తుంది. పగలు నీటిలోని పాచి ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే పాచి ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే రైతులు ఏరేటర్లు రాత్రంతా తిప్పాల్సిందే, తిప్పకపోతే పంట పోతుంది. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఆ క్షణంలో అదే లైను మీద ఉన్న ఇళ్లకి వోల్టేజ్ పడుతుంది. మీ ఇంట్లో లైట్లు ఒక్కసారి డిమ్ అయి మళ్లీ వెలిగినప్పుడే యూపీఎస్ టక్కుమంటుంటే రుజువు దొరికినట్టే. ఒక రాత్రి యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి, కార్డుని మామూలు సెట్టింగ్‌లో ఉంచి, ఏదో ఒక టెస్ట్ రెండర్ నడిపి చూడండి. కస్టమర్ ఫుటేజ్ ఆ రాత్రికి వద్దు.

స్టెబిలైజర్ కొనమని ఎవరైనా చెబితే ఆగండి. ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవండి. ఇన్‌పుట్ 100-240 అని ఉంటే 160, 170 వోల్టుల దగ్గర కూడా అది పనిచేస్తుంది, స్టెబిలైజర్ అవసరం లేదు. కొన్ని చౌక రకాల మీద 200-240 అని మాత్రమే ఉంటుంది. మన పల్లెల్లో రాత్రి వోల్టేజ్‌కి అలాంటివి సరిపోవు. ఇంకొకటి గుర్తుంచుకోండి. వోల్టేజ్ తగ్గితే ఎస్‌ఎంపీఎస్ ఆ లోటు తీర్చుకోవడానికి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. 410 వాట్లకి 230 వోల్టుల దగ్గర దాదాపు 1.8 ఆంపియర్లు చాలు, 170 దగ్గర 2.4 కావాలి. వదులుగా ఉన్న ప్లగ్గు, అరిగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కేది అప్పుడే. ఎక్స్‌టెన్షన్ బాక్సుని చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉంటే మార్చేయండి.

క్యాబినెట్ జిల్లుమనడం గురించి మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాశారు గానీ, అన్నింటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు, న్యూట్రల్ రెండింటి నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. దాని ఆంపియర్లు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. కానీ మీకు ఎర్త్ లేదన్నది దాంతో తేలిపోయింది. ఎర్త్ లేని ఇంట్లో నిజంగా ఫేజు బాడీకి తగిలిన రోజున అంత సులువుగా వదలదు. మూడో పిన్ను విరిచిన ప్లగ్గు గానీ, టూ పిన్ అడాప్టర్ గానీ మధ్యలో ఉంటే తీసేయండి. తర్వాత వైర్‌మ్యాన్‌ని పిలిచి ఎర్త్ గొయ్యి చూపించండి. మన నేలలో నీరు పైనే ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా దొరకాలి. అయితే ఉప్పు నేలల్లో జీఐ (జింకు పూత ఇనుప) పైపు, దాని మీది క్లాంపు బోల్టు తొందరగా తుప్పు పడతాయి, వైరు పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తూ అక్కడ తెగిపోయి ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్ రెండూ దాదాపు ఒకటే వస్తున్నాయా, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకి మించి ఉందా అని ఆయన చేతే కొలిపించండి, మీరు చేయకండి. పనిలో పనిగా న్యూట్రల్ జాయింట్లు కూడా బిగించమనండి. లైనులో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఆ దెబ్బకి ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ లేని ఇంట్లో కార్డు ఒక్కటే కాదు, ఫ్రిజ్, టీవీ అన్నీ పోతాయి. మెయిన్ బోర్డులో ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ ఒకటి పెట్టించడం నా దృష్టిలో కొత్త కార్డు కొనడం కంటే ముందు చేయాల్సిన ఖర్చు.

ఇక ఎస్‌ఎంపీఎస్. డబ్బా మీద 550 అని ఉండటం చాలదు, 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో లేబుల్‌లో చూడండి. 45 ఉంటే 540 వాట్లు, పర్వాలేదు. 32 మాత్రమే ఉంటే 384, అంటే మీ సిస్టమ్‌కి అది అంచు మీద ఉన్నట్టే. పైగా ఈ తరం కార్డులు ఒకే తీరున లాగవు. 220 వాట్ల కార్డు కూడా కొద్ది మిల్లీసెకన్ల పాటు 300 దాటుతుంది, ఆ గెంతుకి బలహీనమైన యూనిట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి సిస్టమ్‌ని ఆపేస్తుంది. 3070కి 650 వాట్ల యూనిట్ పెట్టమని ఎన్విడియా చెప్పింది ఇందుకే. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్‌ఎంపీఎస్ ప్రమాణం ఈ గెంతులని ఉద్దేశించి రాసిందే.

కేబుల్ సంగతి చాలామంది వదిలేస్తారు. 3070లలో చాలా మోడళ్లకి రెండు 8 పిన్ సాకెట్లు ఉంటాయి. ఒకే కేబుల్ చివర రెండు కొమ్మలుగా చీలి రెండు ప్లగ్గులు ఉండే రకం మీకు వచ్చి ఉంటే, ఆ రెండింటినీ కార్డుకి పెట్టకండి. ఒక్కో 8 పిన్‌కి ప్రమాణం 150 వాట్లు, అంటే 12.5 ఆంపియర్లు, మూడు వైర్ల మీద పంచితే ఒక్కో వైరుకి 4 చిల్లర. రెండు ప్లగ్గుల లోడూ ఒకే కేబుల్ మీద పడితే అదే వైరుకి 8 దాటుతుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తీసుకోండి.

తప్పు కేబుల్‌దా ఎస్‌ఎంపీఎస్‌దా అని తేల్చుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. సెన్సర్ రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి గ్రాఫిక్స్ కార్డు విభాగంలోకి వెళ్లండి. మదర్‌బోర్డు చూపించే 12 వోల్టుల అంకెని నమ్మకండి, అది చాలాసార్లు తప్పుగా ఉంటుంది. కార్డు తానే కొలిచే స్లాట్ (మదర్‌బోర్డులో కార్డు కూర్చునే చోటు) వోల్టేజ్, 8 పిన్ వోల్టేజ్ విడివిడిగా కనిపిస్తాయి. లోడ్ నడుస్తుండగా కనిష్ఠం అన్న కాలమ్ చూడండి. ప్రమాణం 11.4 నుంచి 12.6 దాకా. స్లాట్, 8 పిన్ రెండూ కలిసి కుంగితే ఎస్‌ఎంపీఎస్ అలసిపోయింది. స్లాట్ నిలకడగా ఉండి 8 పిన్ ఒక్కటే కుంగితే కేబులో పిన్నులో పట్టు లేదు. ఈ తేడా తెలిస్తే అనవసరంగా కొత్త యూనిట్ కొనే బాధ తప్పుతుంది.

పిన్నుల గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు నుంచి వచ్చే కార్డుల కనెక్టర్లలో పచ్చటి చిలుము తరచుగా చూస్తుంటాను. ఉప్పుగాలి రాగిని, ఇత్తడిని అలా చేస్తుంది. చిలుము పట్టిన చోట నిరోధం పెరుగుతుంది, పుట్టే వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది. అంటే లోడ్ రెట్టింపైతే ఆ పిన్ను దగ్గర వేడి నాలుగింతలు. మీది సెకండ్ హ్యాండ్ కార్డు కాబట్టి టార్చ్ వేసి సాకెట్ లోపల చూడండి. ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగి ఉంటే, ఒక పిన్ను చుట్టూ కరిగినట్టు ఉంటే సాకెట్ మార్పించాకే వాడాలి.

ఇంత చూసుకున్నాక కార్డు దగ్గరికి వద్దాం. కార్డులోకి 12 వోల్టులు వస్తాయి, చిప్పుకి కావలసింది ఒక వోల్టు అటూ ఇటూ. ఆ మార్పు చేసేది చిప్పు పక్కనే వరుసగా కనిపించే వీఆర్‌ఎం: మాస్‌ఫెట్లు, చోకులు, కెపాసిటర్లు. చిప్పు ఒక్కటే 0.9 వోల్టుల దగ్గర 130 వాట్లు తీసుకుంటుంటే ఆ వరుస 140 ఆంపియర్లకి పైగా మోయాలి. అంత కరెంటు, అంత చిన్న చోట. అందుకే ఓవర్‌క్లాక్ అనగానే నేను క్లాక్ కంటే ముందు వోల్టేజ్ చూస్తాను. చిప్పు ఖర్చు క్లాక్‌తో సమానంగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గంగా పెరుగుతుంది. 1.05 నుంచి 0.9 వోల్టులకి దిగితే అదే క్లాక్ దగ్గర చిప్పు స్విచింగ్ ఖర్చు పాతిక శాతానికి పైగా పడిపోతుంది. మీరు +150 ఇచ్చి సంపాదించేది రెండర్‌లో ఐదారు శాతం దాటదు.

కాబట్టి అండర్‌వోల్ట్ చేయండి, అంటే చిప్పుకి వెళ్లే వోల్టేజ్ తగ్గించండి. ముందు అన్నీ రీసెట్ కొట్టండి. ఆఫ్టర్‌బర్నర్‌లో కోర్ క్లాక్ స్లైడర్‌ని -200 దగ్గర పెట్టి అప్లై చేయండి. కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కితే వోల్టేజ్-క్లాక్ గీత తెరుచుకుంటుంది. అందులో 900 మిల్లీవోల్టుల చుక్కని పట్టుకుని 1850 మెగాహెర్ట్‌జ్ చుట్టుపక్కలకి పైకి లాగి మళ్లీ అప్లై కొట్టండి. దాని కుడి పక్క గీతంతా బల్లపరుపుగా మారుతుంది, అంటే కార్డు ఇక ఆ వోల్టేజ్ దాటదు. ఈ కార్డులు 15 మెగాహెర్ట్‌జ్ మెట్లలో కదులుతాయి, మీరూ అలాగే మెట్టు మెట్టుగా పెంచండి. ఎక్కడ గేమ్ మూసుకుపోతుందో అక్కడి నుంచి రెండు మెట్లు దిగి ఆగండి. ప్రతి చిప్పు వేరు, యూట్యూబ్‌లో ఎవరికో 1950 వచ్చిందని మీకూ వస్తుందనుకోవద్దు. ఇలా చేసిన 3070 మామూలుగా 170 వాట్ల చుట్టుపక్కల తిరుగుతుంది, పనితీరులో తేడా కనిపెట్టడం కష్టం.

మెమరీ +1000 వెంటనే తీసేయండి. 14 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు) వేగపు మెమరీని మీరు 16కి తోస్తున్నారు. ఈ కార్డులో మెమరీ వేడి చూపించే సెన్సర్ రీడింగు లేదు, అంటే అది ఎంత కాగుతోందో తెలియకుండానే నడుపుతున్నట్టు. +300 నుంచి మొదలుపెట్టండి, +500 దగ్గర ఆగండి. పెంచిన ప్రతిసారీ బెంచ్‌మార్క్ స్కోరు రాసుకోండి. చుక్కలు రాకపోయినా స్కోరు పెరగడం ఆగిందంటే వెనక్కి రండి. మీ పనికి ఇది మరీ ముఖ్యం. ఆటలో ఒక ఫ్రేమ్ చెడితే ఎవరికీ పట్టదు. తాళిబొట్టు కట్టే షాట్‌లో పచ్చగీత వచ్చి, డెలివరీ ఇచ్చేశాక పెళ్లివారు ఫోన్ చేస్తే ఆ ముహూర్తం మళ్లీ తీయలేం. ఇంకో సంగతి, మీ ఎక్స్‌పోర్ట్‌లో ఎన్‌కోడింగ్ చేసేది కార్డులోని ఎన్‌వెంక్ అనే ప్రత్యేక భాగం. కోర్ ఓవర్‌క్లాక్ దాన్ని పెద్దగా వేగవంతం చేయదు. నాయిస్ రిడక్షన్, కలర్ గ్రేడింగ్ లాంటివే కోర్‌ని, మెమరీని బాగా వాడతాయి.

సంక్రాంతికి నిలబడిన సెట్టింగ్ మే నెలలో నిలబడుతుందని హామీ లేదు. గదిలో ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు మీదా దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతాయి. జనవరి రాత్రి 22 డిగ్రీల గదికీ, మే మధ్యాహ్నం 38 డిగ్రీల గదికీ తేడా 16. వేడి పెరిగితే చిప్పు లీకేజీ పెరుగుతుంది, అదే క్లాక్‌కి ఎక్కువ వోల్టేజ్ అడుగుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకీ సుమారు సగం అవుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టుకోండి. ఎండాకాలానికి 875 మిల్లీవోల్టులు, క్లాక్ నాలుగైదు మెట్లు కింద. స్థిరత్వం పరీక్ష మాత్రం ఏడాదిలో అతి వేడిగా ఉన్న మధ్యాహ్నం చేయండి.

దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు ఊరంతా లేచే పొట్టు దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య గడ్డలా దిగుతుంది, తేమకి అతుక్కుంటుంది. కోతలు అయ్యాక ఒకసారి బ్లోయర్ పట్టండి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపి. ఏసీ గది ఉంటే ఒక జాగ్రత్త. వానాకాలంలో మన గాలిలో తేమ ఎంతంటే 25 డిగ్రీల చల్లటి వస్తువు మీద కూడా నీరు పట్టే రోజులుంటాయి. రాత్రంతా 20లో ఉన్న గది కిటికీలు పొద్దున్నే తీసి వెంటనే సిస్టమ్ ఆన్ చేయకండి. అరగంట ఆగండి.

ఇక షంట్ మాడ్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. కార్డు తన కరెంటుని కొన్ని మిల్లీఓముల చిన్న రెసిస్టర్ మీద పడే వోల్టేజ్‌తో కొలుచుకుంటుంది. దాని మీద అంతే విలువ ఉన్న ఇంకోటి అతికిస్తే నిరోధం సగమై, కార్డు 440 వాట్లు లాగుతూ 220 అనుకుంటుంది. లెక్క తప్పుతుంది తప్ప కొత్తగా కరెంటు ఎక్కడి నుంచీ రాదు. శివారు పొలానికి నీరు అందకపోతే తూము పగలగొట్టి లాభం లేదు, పైన కాలవలో ఎక్కడ తగ్గిందో చూడాలి. బయాస్ కూడా అంతే. వేరే మోడల్ బయాస్ ఆ మోడల్ వీఆర్‌ఎం కోసం రాసింది, మీ బోర్డు మీద ఫేజులు (వీఆర్‌ఎంలో లోడ్ పంచుకునే భాగాలు) తక్కువుంటే ఆ లోడ్ మోసేది మీ మాస్‌ఫెట్లే. వాటి వేడి చూపించే సెన్సర్ కూడా చాలా బోర్డుల మీద ఉండదు.

డబ్బు ఒకేసారి కుదరకపోతే ఎర్త్, ప్రొటెక్టర్ ముందు చేయించండి. తర్వాత రెండు విడి పీసీఐఈ (8 పిన్) కేబుళ్లు, యాక్టివ్ పీఎఫ్‌సీ (మెయిన్స్ నుంచి కరెంటు సాఫీగా లాగే సర్క్యూట్) ఉన్న మంచి 650 వాట్ల యూనిట్. ఆ తర్వాత 1000 వీఏ, 600 వాట్ల యూపీఎస్. ప్యూర్ సైన్ వేవ్ (మెయిన్స్ లాంటి నున్నటి తరంగం ఇచ్చేది) దొరికితే అదే తీసుకోండి, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని యూనిట్లకి చౌక యూపీఎస్‌ల మెట్ల తరంగం సరిపడదు. అండర్‌వోల్ట్ చేశాక కూడా గోడ దగ్గర మీ లోడ్ మానిటర్‌తో కలిపి 370 దాటుతుంది కాబట్టి ఇప్పుడున్న 600 వీఏ చాలదు. కొత్తది వచ్చేదాకా రాత్రిళ్లు పవర్ లిమిట్ 75 శాతానికి తగ్గించి నడపండి, మానిటర్‌ని యూపీఎస్ నుంచి తీసి వేరే ప్లగ్గుకి పెట్టండి.